అక్కను మాత్రమే అడిగే మాట

పొద్దు ఇంకా వాడకట్టు గోడలు ఎక్కనే లేదు, సమ్మవ్వ చేతులు మోచేతుల దాకా గంజిలో ఉన్నాయి. సిరిసిల్లలో ఆ వాడకు ఆ వాడంతా నేతగాళ్ళదే. ఎవరింటి ముందు పడుగు సాగదీసినా మిగిలినవాళ్ళు గోడవారన నడుస్తారు, ఎడ్లబండి అయినా సందు మొదట్లోనే ఆగిపోతుంది. ఆ రోజు వంతు ఎల్లేశం ఇంటిది. ఈ చివర కొయ్య నుంచి ఆ చివర కొయ్య దాకా మగ్గానికి ఎక్కాల్సిన నూలంతా తెల్లగా పరుచుకొని ఉంది. అటు ఎల్లేశం, ఇటు సమ్మవ్వ కుంచెలు పట్టుకొని పోగుపోగుకూ గంజి పట్టిస్తున్నారు. తెగిన పోగు కనబడితే ముడి వేయడానికి పక్కింటి యాదవ్వ నడుం వంచుకొని తిరుగుతోంది.

ఖాళీగా ఉన్నది దుర్గవ్వ ఒక్కతే. ఎల్లేశం పెద్ద పెండ్లాం. అరుగు మీద గోడకు ఆనుకొని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకొని కూర్చుంది. ఒళ్ళో సుగుణ తల పెట్టి పడుకుంది. సుగుణ పుట్టింది సమ్మవ్వ కడుపున, నిద్ర లేచేది మాత్రం పెద్దవ్వ ఒళ్ళో.

ఎల్లేశం కుంచె ఆపి అరుగు వైపు చూశాడు.

"దుర్గవ్వా, గంజి జర పల్చగైనట్టు కొడుతుంది. ఇంకింత చిక్కగ కాపియ్యమంటవా? నువ్వేమంటవ్?"

దుర్గవ్వ కళ్ళు చికిలించి చూసింది. "ఇయ్యాల ఎండ గట్టిగొస్తది గద. పల్చగున్నా పట్టుకుంటది. కానియ్యి."

"గంతే అంటవా? సరే మరి."

సమ్మవ్వ పళ్ళు పటపటలాడాయి. కోడి కూయకముందే లేచి పొయ్యి ముట్టించింది తను. గంజి కాచింది తను, అది అంటుకోకుండా కలియబెట్టి కలియబెట్టి రెక్కలు పడిపోయింది తనవి. గంజి ఎట్లా ఉందో అడగవలసి వస్తే వేలు కూడా ముంచని మనిషిని అడుగుతాడు! చేతిలో కుంచె ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ గంజి కుండ ఎత్తి అరుగు మీదే కుమ్మరించేదేమో.

ఆ ఇంట్లో "నువ్వేమంటవ్" అనే మాట ఒకే మనిషి సొత్తు. నూలు తేవాలంటే దుర్గవ్వను అడుగుతాడు. సొసైటీలో చేరాలా వద్దా అని దుర్గవ్వను అడిగాడు. ఇంటికి గూన పెంకులు వేయించేటప్పుడూ అంతే. ఆఖరికి సుగుణను తొట్టెలలో వేసిన రోజున కూడా వాడకట్టు అమ్మలక్కలందరి ముందు, "పిల్లకేం పేరు పెడదాం దుర్గవ్వా, నువ్వేమంటవ్?" అన్నాడు. నొప్పులు పడ్డది ఒకరు, పేరు పెట్టింది ఇంకొకరు. బాలింత మంచం మీద పడుకొని సమ్మవ్వ ఆ రోజు గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఎందుకు ఏడుస్తుందో కనుక్కున్నవాళ్ళు లేరు.

నిజం చెప్పాలంటే దుర్గవ్వ చెడ్డది కాదు. తనకు కడుపు పండలేదని, మొగుణ్ణి ఒప్పించి, తానే ఊరూరా తిరిగి సమ్మవ్వను చూసి తెచ్చింది. తన మెళ్ళోని గుండ్ల పేరు తీసి కొత్త పెళ్ళికూతురి మెళ్ళో వేసింది. కొట్టలేదు, తిట్టలేదు, అన్నం దగ్గర వేరుగా చూడలేదు. అదే సమ్మవ్వకు ఇంకా మంట. తిడితే తిరిగి తిట్టవచ్చు. మంచిదానితో ఎట్లా కొట్లాడతాం?

వానాకాలం పోయే రోజుల్లో దుర్గవ్వకు జబ్బు మొదలైంది. నెలసరి కాని రోజుల్లోనూ రక్తం పోవడం, నడుము నొప్పి, మనిషి పసుపుపచ్చగా పాలిపోవడం. చాలా రోజులు ఎవరికీ చెప్పకుండా తన బట్టలు తానే ఉతుక్కుంది. ఒకనాడు మగ్గం గుంటలోంచి లేవబోయి కూలబడిపోయింది. ఎల్లేశం కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగి వచ్చిన దగ్గర నుంచి మనిషి అదోలా అయిపోయాడు. మగ్గం మీద కూర్చొని నాడె చేతిలో పట్టుకొని నేయడం మరిచిపోయేవాడు.

"అక్కకేమైంది?" అని అడిగింది సమ్మవ్వ.

"ఏం కాలే. వేడి చేసిందట." అంతే చెప్పాడు.

అంతే అయితే రెండో రోజు మట్టిగోడ అవతల ఆ గుసగుసలు ఏమిటి? సమ్మవ్వ చెవి గోడకు ఆనించింది. ఆనించకపోతే నిద్ర పట్టేది కాదు.

"పట్నం పోదాం దుర్గవ్వా. పెద్ద డాక్టరమ్మ ఉంటదట. గర్భసంచి సాపు చేస్తరట," అంటున్నాడు ఎల్లేశం.

"గీ వయసుల నాకు గవన్నెందుకయ్యా? మగ డాక్టర్లు సుత ఉంటరు. నాకు సిగ్గు. నేను రాను."

మంచం కిర్రుమంది. ఎల్లేశం ఆమె దగ్గరికి జరిగినట్టున్నాడు. "సాపు చేస్తే... పిల్లలైతరట."

అవతల దుర్గవ్వ నవ్వింది. చిన్నపిల్ల నవ్వినట్టు నవ్వింది. "నిజంగనే? నా మీద ఒట్టు?"

ఆ నవ్వు సమ్మవ్వ గుండెలో ముల్లులా దిగింది. ఈ ఇంట్లో ఆమెకున్నదల్లా ఒకే ఒక్కటి, బిడ్డను కన్నానన్న మాట. మాట వాళ్ళది, మగ్గం వాళ్ళది, పెత్తనం వాళ్ళది. ఇప్పుడు ఆ ఒక్కటి కూడా దుర్గవ్వకు కావలసి వచ్చిందన్నమాట!

వాళ్ళిద్దరూ పట్నం పోయారు. అక్కడ గర్భసంచిలో రేడియం అనే మందు పెట్టే దవాఖానలో ఉన్నన్ని రోజులూ సమ్మవ్వ ఒంటిచేత్తో ఇల్లు, పిల్ల, మగ్గం ఈదింది. తిరిగి వచ్చేసరికి దుర్గవ్వ సగమైంది గానీ మొహంలో వెలుగు మాత్రం రెట్టింపైంది. రక్తం పోవడం తగ్గింది. "మందు పని చేస్తుంది," అని ఆమె మురిసిపోయింది. ఎల్లేశం ఆమె కోసం పాలు కట్టించాడు. కోడిగుడ్లు తెచ్చాడు. అంగడి నుంచి వస్తూ వస్తూ బత్తాయిలు తెచ్చి, తొక్క తీసి, తొనలు ఒలిచి చేతిలో పెట్టేవాడు. సమ్మవ్వ బాలింతగా ఉన్నప్పుడు ఆయన ఒక్క బత్తాయి తెచ్చిన పాపాన పోలేదు.

దాంతో సమ్మవ్వ చేయగలిగిన చిన్నచిన్న పనులన్నీ చేసింది. దుర్గవ్వకు పోసే పాలు పొంగించి అడుగంటబెట్టింది. జొన్నగట్క చల్లారాక తీసుకెళ్ళి ముందు పెట్టింది. పెద్దవ్వ ఒళ్ళోకి పాకే సుగుణను రెక్క పట్టి లాగి, "బడికి పోవే, సోమరిదానా," అని వీపు మీద ఒక్కటిచ్చింది. అడుగంటిన పాలు దుర్గవ్వ మాట్లాడకుండా తాగేది. అది చూసి సమ్మవ్వకు కోపం ఇంకా పెరిగేది.

కొంచెం ఓపిక వచ్చాక దుర్గవ్వ మగ్గం మీద కూర్చొని, మిగిలిపోయిన నూలుతో మూరెడు గుడ్డ నేసింది. పలుచగా, మెత్తగా, ఎర్ర అంచుతో. ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు. అంత చిన్న గుడ్డ ఎవరికి కప్పుతారో ఆడవాళ్ళకు తెలియదా?

ఇంటి ముందు పడుగుకు గంజి పట్టించిన ఆ రోజే, పని అయ్యాక, మధ్యాహ్నం ఇద్దరాడవాళ్ళూ వాకిట్లో కండెలు చుడుతూ కూర్చున్నారు. ఎల్లుండే మళ్ళీ పట్నం బస్సు. రెండో విడత రేడియం పెట్టాలని డాక్టర్లు రమ్మన్నారు. దుర్గవ్వ రాట్నం ఆపి, గొంతు తగ్గించి అంది.

"సమ్మవ్వా, నేను పట్నం పోత లేనే."

"ఎందుకక్కా?"

"దవాఖానల నా పక్క మంచంల లక్సెట్టిపేట దిక్కు ఆమె ఉండె. ఒక్కసారి పెట్టిచ్చుకుంటే ఫరవలేదట. రెండోసారి పెడితే లోపల కాలిపోయి, ఇగ కడుపు పండనే పండదట. ఆమె నాకు ఒట్టు పెట్టి చెప్పింది. ఆయనకు చెప్తే ఇంటలేడు, పోవాలె పోవాలె అంటుండు. మగోళ్ళకేం ఎర్క?"

సమ్మవ్వ లోపల ఏదో గంతేసింది. రెండోసారి పెడితే పండదు! ఆమె చేతిలో కండె గిరగిర తిరిగింది. మొహం మీదికి ఎక్కడ లేని ప్రేమ తెచ్చుకుంది.

"గవన్ని ఉత్త మాటలక్కా. డాక్టర్ల కంటే గామెకెక్కువ ఎర్కనా? పో అక్కా. పోయి పెట్టిచ్చుకో. ఇంటి పని నేను సూసుకుంట. నువ్వేం ఫికర్ పెట్టుకోకు."

దుర్గవ్వ తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది. ఎన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్న మనుషులు. ఎవరి మొహంలో ఏముందో కనిపెట్టడానికి ఎంతసేపు?

"నీకెందుకే గంత తొందర?"

"నాకేం తొందర? నీ మంచికే చెప్పిన."

"నా మంచికా? పాలు మాడగొట్టింది నా మంచికేనా? పోరిని గుంజుకపోయింది నా మంచికేనా? నా కడుపు ఎండిపోతే నీ పానం సల్లబడతది, గంతే గద!" దుర్గవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెల్లెలసొంటిదానివని తెచ్చుకున్ననే నిన్ను."

"తెచ్చుకున్నవ్! పనికి తెచ్చుకున్నవ్, కనుటానికి తెచ్చుకున్నవ్. మాట అడుగుటానికి తెచ్చుకున్నవా ఎప్పుడన్న?" అని సమ్మవ్వ కండెల గంప విసిరికొట్టి లేచింది.

అదే ఊపులో మగ్గాల ఇంట్లోకి పోయింది. ఎల్లేశం గుంటలో కూర్చొని ఉన్నాడు. మగ్గం ఆడటం లేదు.

"ఒక్క పిల్ల సాలదా మీకు? ఆమెతోని కూడ కనాలెనా? పాలు, గుడ్లు, పట్నాలు! నేనేం పాపం జేసిన? నన్ను మా అవ్వగారింటికి తోలియ్యి. మీరిద్దరు మంచిగ ఉండుర్రి!"

ఎల్లేశం తల ఎత్తాడు. ఎత్తి, ఏదో అనబోయి, నేసిన బట్ట చుట్టే దోనె మీద తల పెట్టుకొని ఏడ్చాడు. మగవాడు ఏడవడం సమ్మవ్వ అంతకుముందెన్నడూ చూడలేదు. తన నాన్న చచ్చినప్పుడు కూడా అన్నలు ఏడవలేదు.

"పిల్లలు లేరు, ఏం లేరు," అన్నాడు ఆ ఏడుపులోనే. "రాచపుండు సమ్మవ్వా. గర్భసంచికి రాచపుండు, కాన్సరట. కరీంనగర్‌ల డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పిండు. రెండోసారి పెట్టియ్యకపోతే ఏడాది దాటదని పట్నం డాక్టర్లన్నరు."

సమ్మవ్వ గుంట అంచున కూర్చుండిపోయింది.

"మరి... పిల్లలైతరని చెప్పినవ్ గద?"

"ఎట్ల తీస్కపోవాలె మరి? సిగ్గంటది, రానంటది. నోటికి గదే వచ్చింది, అన్న. గట్లంటేనే బస్సెక్కింది. ఇప్పుడు గా మాట పట్టుకొనే రానంటుంది. నిజం చెప్తే ఇంటెనే పానం పోతది. నేనేం జెయ్యాలె?"

"నాకన్న చెప్పాలె గద?"

"నీ నోరు ఆగదని చెప్పలే."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఇల్లు పీకి పందిరి వేసేది. ఇప్పుడు అడుగంటిన పాలు గుర్తొచ్చాయి. చల్లారిన గట్క గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ తను అసూయపడింది చావబోయే మనిషిని చూసి! ఆ బత్తాయిలు చూసి, ఆ గుసగుసలు చూసి, ఆ పాపపు ఎర్ర అంచు గుడ్డను చూసి! అన్నిటికంటే అధ్వాన్నం ఇప్పుడు వాకిట్లో అన్న మాట. "పో అక్కా" అన్నది. ఆమె బతకాలని అనలేదు, ఆమె కడుపు కాలిపోవాలని అన్నది. ఆ సంగతి తనకు తెలుసు. దుర్గవ్వకూ తెలుసు.

మర్నాడు పొద్దున సమ్మవ్వ పాలు కాచింది. పొంగకుండా, దగ్గరే నిలబడి కాచింది. గిన్నె తీసుకెళ్ళి దుర్గవ్వ ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది. గడప దగ్గర ఎల్లేశం తల అడ్డంగా తిప్పాడు. వద్దు, వద్దు అని కళ్ళతో బతిమాలాడు. సమ్మవ్వ చూడనట్టే ఉంది.

"అక్కా, రేపు పట్నం పో."

దుర్గవ్వ పాలగిన్నె పక్కకు నెట్టింది. "మళ్ళ మొదలువెట్టినవా?"

"పిల్లలైతరని ఈయన నీకు అబద్ధం చెప్పిండు. గది రాచపుండు. పోకపోతే బతకవు."

"సమ్మవ్వా!" అని ఎల్లేశం అరిచాడు.

దుర్గవ్వ మొహం తెల్లబోయింది. ఒక్క క్షణమే. తరువాత ఎర్రబడింది. "ఛీ! గింత దానికి దిగజారుతవా? నన్ను బస్సెక్కియ్యాలని నా నోట్ల మన్ను పోస్తవా? నిన్న పొమ్మన్నవ్, కడుపు ఎండాలని. ఇయ్యాల పొమ్మంటున్నవ్, సస్తనని బెదిరిచ్చి! నిన్ను నమ్మాల్నా నేను?"

"నమ్మకు," అంది సమ్మవ్వ. "నిన్న నేను నీ కడుపు ఎండాలనే పొమ్మన్న. గది నిజం. నువ్వు పట్నం పోయి వచ్చినకాడి నుంచి నాకు కండ్లల్ల నిప్పులు పోసుకున్నట్టున్నది. పాలు కావాలనే మాడగొట్టిన. పోరిని కావాలనే గుంజిన. నాకు నువ్వంటే కుళ్ళు. ఇయ్యాల కాదు, నేను గీ ఇంటికి వచ్చినకాడి నుంచి కుళ్ళే. గాని జర నువ్వే సోంచాయించు. నాకు కుళ్ళే ముఖ్యమైతే గీ మాట నీకెందుకు చెప్త? 'పోకు అక్కా' అని నోరు మూసుకుంటే సాలు. మగ్గం నాదైతది. మొగడు నాకొక్కదానికే మిగులుతడు. పోరి నా పక్కల్నే పంటది. నిన్ను సంపుకొనుటానికి నేను ఒక్క పని సుత చెయ్యక్కరలేదు. ఊకుంటే సాలు. మరి ఎందుకు ఊకుంట లేను? చెప్పు!"

దుర్గవ్వ మెల్లగా గడప వైపు తిరిగింది. ఎల్లేశం గోడ పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూశాక అడగవలసింది ఏమీ మిగల్లేదు. అయినా అడిగింది.

"నిజమేనా?"

ఆయన తల ఊపాడు.

బయట వాడకట్టులో ఎవరిదో మగ్గం టకటకలాడుతోంది. దుర్గవ్వ గట్టిగా ఏడవలేదు. మాట మాత్రం గంజి పెట్టినట్టు బిరుసుగా వచ్చింది.

"గంజి పల్చగుంటే నన్నడిగినవ్. నూలు తేవాలంటే నన్నడిగినవ్. ఇంటికి పెంకలెయ్యాలంటే నన్నడిగినవ్. నా పెయ్యికి రోగమొస్తే నన్నడగలే. నా పెయ్యి, నా ఒళ్ళయ్యా ఇది! డాక్టరు నిన్ను పక్కకు పిలిచిండు. నువ్వు నన్ను పక్కకు పెట్టినవ్. పడుగుల పోగు తెగితే తెగిందని చెప్తనే గద ముడేసేది? చెప్పకుండ దాస్తే బట్టంత ఖరాబైతది. గింత నేత నేసినవ్, గది ఎర్కలేదా నీకు?"

"నువ్వు భయపడతవని..." అన్నాడు ఎల్లేశం.

"భయపడత. భయపడుడు సుత నా పనే. గది కూడ నువ్వే పడితే ఎట్ల?" ఆమె లేచింది. "నాకు జర సోంచాయించుకోనియ్యుర్రి. ఎవ్వలు రాకుర్రి."

లోపలి అర్రలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ ఎర్ర అంచు గుడ్డ లోపలే, దండెం మీద ఉంది. మధ్యాహ్నం దాకా ఏ చప్పుడూ రాలేదు. ఆ తరువాత వచ్చింది ఏడుపే. పెద్దగా కాదు. పుట్టని బిడ్డ కోసం ఏడ్చే ఏడుపు ఎట్లా ఉంటుందో ఆ రోజే సమ్మవ్వ విన్నది. ఆ బిడ్డ పుట్టకూడదని తను ఎన్ని దండాలు పెట్టుకుందో దేవుడికే తెలుసు. పొయ్యి ముందు కూర్చొని కొంగు నోట్లో కుక్కుకుంది.

బడి నుంచి సుగుణ వచ్చింది. అలవాటుగా లోపలి తలుపు వైపు నడిచి, తల్లిని చూసి ఆగిపోయింది. వీపు మీద పడుతుందేమోనని భుజాలు దగ్గరికి లాక్కుంది. అది చూసి సమ్మవ్వకు ప్రాణం ఉసూరుమంది.

"పో బిడ్డా," అంది. "పెద్దవ్వ తాన కూసోపో."

పిల్ల తలుపు తోసుకొని లోపలికి పోయింది. కొంచెంసేపటికి ఏడుపు ఆగింది.

దీపాలు పెట్టే వేళకు దుర్గవ్వ బయటికి వచ్చింది. మొహం కడుక్కొని, బొట్టు పెట్టుకొని ఉంది. సుగుణ ఆమె కొంగు పట్టుకొని ఉంది.

"పట్నం పోత. గాని నీతోని కాదు," అంది ఎల్లేశంతో. "నువ్వు మల్ల డాక్టరుతోని పక్కకు పోయి మాట్లాడతవ్, నాకు వేడి చేసిందని చెప్తవ్. సమ్మవ్వ నాతోని వస్తది. దాని నోరు ఆగది. నాకు గసొంటి నోరే కావాలె."

"మరి ఇల్లు? పోరి?"

"నువ్వు లేవా? గంజి కాసుడు నేర్చుకో. పల్చగైతే ఎవ్వలనడుగుతవో సూస్త."

ఎల్లేశం ఏడవబోయి, ఆగి, తల ఊపాడు.

తెల్లారి వాళ్ళిద్దరూ బస్సెక్కారు. కిటికీ పక్క సీటు దుర్గవ్వది. రొట్టెల మూట సమ్మవ్వ ఒళ్ళో. ఆ రొట్టెలు దుర్గవ్వ ఏ గుడ్డలో కట్టిందో చూసి సమ్మవ్వ ఉలిక్కిపడింది. ఎర్ర అంచు గుడ్డ.

"గిదెందుకు కట్టినవక్కా?"

"గుడ్డ గుడ్డే గద. పెట్టెల వెట్టి ఏం జేసుకోవాలె?" అని దుర్గవ్వ కిటికీలోంచి బయటికి చూసింది. బస్సు కదిలాక చాలాసేపటికి, ఇటు తిరక్కుండానే, "నాకు సుత కుళ్ళుండె," అంది. "నువ్వు నీళ్ళాడినప్పుడు. పోరి ఏడుస్తుంటే నీ పాలు అందుకునేది. నేను గోడ పక్కన నిలబడి ఇనేదాన్ని. అందుకే పేరన్న నేనే పెడతనన్న. ఆయనంతట ఆయన అడగలే, నేనే గట్ల అడుగుమన్న."

సమ్మవ్వ అక్క చేతిని ఒళ్ళోకి లాక్కుంది. దుర్గవ్వ వెనక్కి తీసుకోలేదు.

రేడియం దవాఖానలో డాక్టరమ్మ నడివయసు మనిషి. మెడలో గొట్టం, కళ్ళ కింద నలుపు. ఇద్దరు ఆడవాళ్ళను చూసి గుమ్మం వైపు చూసింది.

"మీ ఆయన రాలేదా? మగవాళ్ళెవరైనా ఉంటే పిలవండి, మాట్లాడాలి."

"ఎవ్వలు లేరమ్మా. నాకే చెప్పుర్రి," అంది దుర్గవ్వ. "రాచపుండని నాకెర్కే. గిది నా చెల్లె. నన్ను సూసుకునేది గిదే. ఇద్దరికి చెప్పుర్రి, మంచైనా చెడైనా."

డాక్టరమ్మ నర్సును పంపేసి, రెండు స్టూళ్ళు చూపించి, తన కుర్చీ వాళ్ళకు దగ్గరగా జరుపుకుంది.

"ఒకసారి రేడియం పెట్టాం. కొంత తగ్గింది. ఇంకోసారి పెడితే నాలుగు రోజుల్లో మీ ఊరికి వెళ్ళవచ్చు. కానీ దాని తరువాత బయటి నుంచి కిరణాలు, మీరు కరెంటు అంటారే, అది కూడా పెడితే మంచిదని నేననుకుంటున్నా. అందుకు నెలన్నర దాకా ఇక్కడే ఉండాలి. రోజూ పెడతాం. వాంతులవుతాయి, నీరసం వస్తుంది, తిండి సయించదు. అంతా చేసినా పూర్తిగా నయమవుతుందని మాట ఇవ్వలేను. కొందరికి అవుతుంది, కొందరికి కాదు. ఏది చేయాలో మీరు ఆలోచించుకొని చెప్పండి."

దుర్గవ్వ నేల చూపులు చూసింది. "పిల్లలు?"

"ఇక కారమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా.

దుర్గవ్వ కొంగు వేలికి చుట్టి విప్పింది. తల ఎత్తింది.

"కాకుంటే ఏమాయె. మాకొక పిల్ల ఉన్నది," అంది.

సమ్మవ్వకు ఆ "మాకు" అన్న మాట ఎక్కడో లోపల తగిలింది. ఇన్నాళ్ళూ నాది, నాది అని రెక్క పట్టి లాగిన పిల్ల. ఇప్పుడు ఆ పిల్లలో సగం ఎవరో తీసుకుంటే ఏమీ తగ్గినట్టు అనిపించలేదు.

దుర్గవ్వ స్టూలు మీద ఇటు తిరిగింది. డాక్టరమ్మ వైపు కాదు, చెల్లెలి వైపు.

"ఇన్నవ్ గద సమ్మవ్వా. నాలుగు రోజులుండి పోదామా, నెలన్నర ఉందామా? నాతోని ఉండి నా కక్కు ఎత్తేది నువ్వు. పోరిని ఇడిచిపెట్టి ఉండేది నువ్వు. నువ్వేమంటవ్?"

పెళ్ళయి వచ్చిన దగ్గర నుంచి ఆ మాట కోసం సమ్మవ్వ కాచుకొని ఉంది. ఎవరైనా ఒక్కసారి అడిగితే చెప్పడానికి ఎన్ని జవాబులు కూడబెట్టుకుందో. గంజి గురించి, నూలు గురించి, పిల్ల పేరు గురించి, అన్నిటి గురించీ. ఇప్పుడు అడిగితే ఒళ్ళోని మూట మీద మొహం పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. ఎర్ర అంచు తడిసిపోయింది.

డాక్టరమ్మ తొందర పెట్టలేదు. దుర్గవ్వ కూడా పెట్టలేదు. చెల్లెలి వీపు మీద చేయి వేసి, అది ఏమంటుందో వినడానికి కూర్చుంది.

"ఉందామక్కా," అంది సమ్మవ్వ, మొహం ఎత్తకుండానే. "నెలన్నర కాదు, ఎన్ని రోజులైతే గన్ని రోజులు. నువ్వు ఉంటే నేనుంట."

"గట్లనే," అంది దుర్గవ్వ. డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఉంటమమ్మా. పెట్టుర్రి."